కథ ఆడిస్తూ స్పానిష్ మాటలు నేర్పడం: అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు నేను స్పానిష్ చెబుతాను. నా తరగతుల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉండడం వల్ల, వాళ్ళ అమ్మానాన్నలు ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. వాటికి తీరికగా రాసిన జవాబులు ఇవి. స్పానిష్ మాటలను మెక్సికో వారి ఉచ్చారణకు దగ్గరగా తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. నాలుక గట్టిగా అదిరించి పలికే రకారానికి మన బండి ఱ వాడాను.

కథను ఆడించడమంటే తరగతిలో అసలు ఏం జరుగుతుంది?

ముందుగా ఆ రోజు నేర్పదలచిన మూడు మాటలను బోర్డు మీద రాసి, వాటి అర్థం అక్కడే చెప్పేస్తాను. ఉదాహరణకు ‘తియేనే ఆంబ్రే’ అంటే ఆకలిగా ఉంది, ‘బూస్కా’ అంటే వెతుకుతోంది, ‘నో ఆయ్’ అంటే లేదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క సైగ ఉంటుంది: పొట్ట మీద చెయ్యి, కళ్ళపై అరచెయ్యి అడ్డం పెట్టి చూడడం, రెండు చేతులూ ఖాళీగా చాపడం. పిల్లలందరూ లేచి నిలబడి, మాట విన్న వెంటనే ఆ సైగ చేస్తారు. నేను వరుస మార్చి, వేగం పెంచి, కళ్ళు మూసుకోమని కూడా చెప్పి చూస్తాను. కళ్ళు మూసుకున్నా సైగ సరిగ్గా వస్తోందంటే పక్కవాళ్ళను చూసి చేయడం లేదని తెలుస్తుంది.

తరువాత ఒక పిల్లవాడు పిల్లి అవుతాడు. పిల్లికి ఆకలి వేసింది, పాలు వెతుకుతోంది, ఇంట్లో పాలు లేవు. బడికి వెళ్ళింది, అక్కడా లేవు. నేను ఒక్కొక్క వాక్యం చెబుతుంటే పిల్లవాడు నటిస్తాడు, మిగిలినవాళ్ళను నేను అడుగుతూ పోతాను. పిల్లికి ఆకలిగా ఉందా? ఆకలి పిల్లికా, కుక్కకా? ఆకలి ఎవరికి? పిల్లి ఏం వెతుకుతోంది? పిల్లి రొట్టె వెతుకుతోందా? ఇలా అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగేటప్పటికి ‘బూస్కా’ అన్న మాట పిల్లల చెవిలో ముప్ఫై, నలభై సార్లు పడుతుంది. అదే మాటను నలభై సార్లు వల్లె వేయమంటే ఏ పిల్లవాడూ వేయడు. పిల్లికి పాలు ఎక్కడ దొరికాయో తెలుసుకోవాలన్న తహతహలో మాత్రం నలభై సార్లు విన్నట్టు కూడా వాళ్ళకు తెలియదు.

పాలు ఎక్కడ దొరకాలో నేను నిర్ణయించను. అది పిల్లలే చెబుతారు. మొన్న ఒక తరగతిలో అవి చందమామ మీద, ఒక ఆవు టోపీ కింద దొరికాయి.

ఈ పద్ధతి ఎక్కడిది?

దీని వేళ్ళు కాలిఫోర్నియాలో ఉన్నాయి. 1960ల్లో శాన్ హోసే స్టేట్ కళాశాలలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్, పసిపిల్లలు మాట్లాడడానికి చాలా ముందే పెద్దల మాటకు శరీరంతో జవాబిస్తారన్న సంగతిని పట్టుకున్నారు. ‘ఇలా రా’, ‘బొమ్మ ఇవ్వు’ అంటే మాటలు రాని బిడ్డ వచ్చి బొమ్మ ఇస్తుంది కదా. పరభాషను కూడా అలాగే ఆజ్ఞలతో, చేష్టలతో మొదలుపెట్టవచ్చునని ఆయన జపనీస్, రష్యన్ భాషలతో ప్రయోగాలు చేసి చూపారు. టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని దానికి పేరు.

అయితే ‘లే, కూర్చో, తలుపు తెరువు’ అన్నవి ఎన్నాళ్ళు చేయిస్తాం? కాలిఫోర్నియాలోనే బేకర్స్‌ఫీల్డ్‌లో స్పానిష్ చెప్పిన బ్లెయిన్ రే ఈ ఇబ్బందిని గమనించి, 1980ల చివర, 1990ల మొదట్లో ఆజ్ఞల స్థానంలో కథను తెచ్చారు. విద్యార్థులు నటిస్తుండగా ప్రశ్నలు అడుగుతూ కథ అల్లడం, ఆ తరువాత చదివించడం అలా ఏర్పడిన క్రమమే. అర్థమయ్యే భాష పుష్కలంగా వింటేనే భాష వస్తుందన్న భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదం దీనికి సిద్ధాంతపరమైన అండ ఇచ్చింది. ఆషర్, రే చెప్పినవాటిని చిన్నపిల్లల తరగతికి తగినట్టు కలిపి వాడే ఉపాధ్యాయుల్లో నేనొకదాన్ని.

రోజుకు మూడు మాటలేనా? ఏడాదికి ఎన్ని వస్తాయి?

ఈ ప్రశ్నలోని ఆందోళన నాకు తెలుసు, ఎందుకంటే మొదటి సంవత్సరం నేనూ అదే ఆందోళన పడ్డాను. ఒకే కథలో పన్నెండు కొత్త మాటలు పెట్టాను. పిల్లలు హాయిగా నటించారు, నవ్వారు. వారం తరువాత అడిగితే ఒక్కరికీ రెండు మాటలకు మించి గుర్తు లేవు. ఆట గుర్తుంది, భాష గుర్తు లేదు. తప్పు పిల్లలది కాదు. ఒక్కొక్క మాట వాళ్ళ చెవిని రెండు మూడు సార్లు మాత్రమే తాకింది.

మూడు అన్నది కొత్త మాటల లెక్క మాత్రమే. పాత కథల్లోని పిల్లి, పాలు, ఇల్లు, పెద్దది, చిన్నది అన్నీ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. పైగా నేను ఎంచుకునే మాటల్లో పేర్ల కన్నా క్రియలు ఎక్కువ. ‘ఉంది’, ‘కావాలి’, ‘వెళుతోంది’, ‘ఇస్తుంది’ వంటి పది క్రియలు వచ్చిన పిల్లవాడు చాలా చెప్పగలడు. ఇరవై పండ్ల పేర్లు, ఇరవై రంగుల పేర్లు వచ్చినవాడు పట్టిక అప్పజెప్పగలడు గాని, నీళ్ళు కావాలని అడగలేడు. తల్లిదండ్రులకు మార్కెట్లో కొన్న బొమ్మల కార్డులు నచ్చడం, నాకు నచ్చకపోవడం ఇందుకే.

తరగతిలో ఇంగ్లీషు అసలు వాడరా?

వాడతాను, చాలా తక్కువగా. అమెరికాలో భాషా ఉపాధ్యాయుల జాతీయ సంస్థ అయిన యాక్ట్‌ఫుల్, తరగతి సమయంలో 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువ నేర్పే భాషలోనే గడవాలని సూచిస్తుంది. మాకు దొరికేది వారానికి రెండు మూడు అరగంటలు. అందులో సగం ఇంగ్లీషుకు పోతే మిగిలేది ఏమీ లేదు. కానీ ఒక మాట అర్థం ఇంగ్లీషులో అర నిమిషంలో చెప్పగలిగినప్పుడు, దాన్ని ఐదు నిమిషాలు సైగలతో ఊహింపజేయడం నాకు సమ్మతం కాదు. తప్పుగా ఊహించిన అర్థం ఒకసారి మనసులో నాటుకుంటే పీకడం కష్టం.

మా పాప మూడు నెలలైనా ఒక్క ముక్క స్పానిష్ మాట్లాడడం లేదు. ఏమైనా లోపమా?

లోపం కాదు. కొందరు పిల్లలు చాలాకాలం వింటూ మాత్రమే ఉంటారు. ఆ కాలంలో నేను వాళ్ళ నోటిని కాదు, కాళ్ళనూ చేతులనూ గమనిస్తాను. ‘నీలం కుర్చీ దగ్గరికి పరుగెత్తు, కూర్చోకు’ అని స్పానిష్‌లో అంటే మీ పాప నీలం కుర్చీ దాకా పరుగెత్తి నిలబడిందనుకోండి, ఆమెకు రంగు, వస్తువు, క్రియ, నిషేధం నాలుగూ తెలిసినట్టే. ఇంట్లో చుట్టాల ముందు ‘ఏదీ, స్పానిష్‌లో ఏదైనా చెప్పు’ అని అడగవద్దని మాత్రం చేతులు జోడించి కోరుతున్నాను. అలా అడిగించుకున్న పిల్లలు మరునాడు తరగతిలో కూడా ముడుచుకుపోవడం నేను చూశాను.

సిగ్గుపడే పిల్లలు నటించలేరు కదా?

కథలో రాజు, పిల్లి, రాక్షసుడు మాత్రమే ఉండరు. తలుపు ఉంటుంది, చెట్టు ఉంటుంది, చందమామ ఉంటుంది. ‘ప్వేర్తా’, అంటే తలుపు, అయిన పిల్లవాడు ‘ఆబ్రే’ అన్నప్పుడు చేతులు విప్పాలి, ‘సియెఱ్ఱా’ అన్నప్పుడు మూయాలి, అంతే. మాట్లాడనక్కరలేదు, అందరి చూపూ తన మీదే ఉండదు, అయినా అతను లేకపోతే కథ నడవదు. ముఖ్యపాత్రధారి కూడా మొదట్లో మాట్లాడడు. కథ చెప్పేది నేను, చేసేది అతను. సంభాషణ ఉంటే నేను వెనక నిలబడి చెబుతాను, అతను పెదవులు కదుపుతాడు. ఎవరినీ బలవంతంగా లేపకూడదన్నది నా తరగతిలో కచ్చితమైన నియమం.

నోటుబుక్కు ఖాళీగా ఉంది. చదవడం, రాయడం ఎప్పుడు?

కథ ఆడిన తరువాత, చెవికి బాగా అలవాటైన తరువాత. ఆడిన కథనే చిన్న వాక్యాల్లో రాసి పిల్లలకు చదవడానికి ఇస్తాను. ఆ క్రమాన్ని తిరగవేయకపోవడానికి కారణం ఉంది. స్పానిష్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి, మాట వినకముందే అక్షరం చూసిన పిల్లలు దాన్ని ఇంగ్లీషులా చదివేస్తారు. ‘తింటుంది’ అన్న అర్థంలోని ‘కోమే’ని చూసి ‘కమ్’ అంటారు, పదకొండు అన్న ‘ఒన్సే’ని ‘వన్స్’ అంటారు. చెవిలో మాట ముందే ఉంటే కన్ను దాన్ని గుర్తుపడుతుంది.

ఒకసారి అక్షరాల లెక్క తెలిశాక స్పానిష్ చదవడం ఇంగ్లీషు కన్నా ఎంతో సులువు. అచ్చులు ఐదే, వాటి పలుకు మారదు. రాసినట్టే చదువుతారు, తెలుగులాగా.

వ్యాకరణం చెప్పరా?

చిన్న తరగతుల్లో పేరు పెట్టి చెప్పను. ‘ఎల్ గాతో’ (పిల్లి), ‘లా బాకా’ (ఆవు) అని ప్రతి నామవాచకాన్నీ దాని ముందుమాటతో కలిపే పలుకుతాను. స్పానిష్‌లో బల్లకూ కుర్చీకీ కూడా లింగభేదం ఉంటుంది, రెండూ స్త్రీలింగాలే. మన పిల్లలకు ఇది వింతగా తోస్తుంది. నియమం చెబితే ‘ఆ’ తో ముగిసే ‘ఎల్ ప్రొబ్లేమా’ పుంలింగం ఎలా అయిందని తగవు వస్తుంది. అతికించి వింటే తగవే ఉండదు. నాలుగు, ఐదు తరగతుల్లో పిల్లలే అడుగుతారు, ‘మీరు ఒకసారి కోమే, ఒకసారి కోమో అంటారేమిటి?’ అని. అడిగిన ఆ నిమిషంలో ముప్ఫై సెకన్లు చెబుతాను: ‘కోమో’ అంటే నేను తింటాను, ‘కోమే’ అంటే తను తింటుంది. చెప్పి వెంటనే కథలోకి తిరిగి వెళతాం.

వినడం ఒక్కటే సరిపోతుందని నేను అనడం లేదు. కెనడాలో ఏళ్ళ తరబడి ఫ్రెంచి మాధ్యమంలో చదివిన పిల్లలు వింటే బాగా అర్థం చేసుకుంటున్నారు గాని, మాట్లాడేటప్పుడు తప్పులు మిగిలిపోతున్నాయని భాషాశాస్త్రవేత్త మెరిల్ స్వెయిన్ 1985లో ఎత్తిచూపారు. భాషను తామే కూర్చి పలికే అవసరం పిల్లలకు కలగాలన్నది ఆమె వాదన. ఆ మాటలో బలం ఉందని నాకు అనిపించింది. అందుకే రెండో తరగతి నుంచి, కథ ముగిశాక ఇద్దరిద్దరు పిల్లలు దాన్ని ఒకరికొకరు తిరిగి చెప్పుకుంటారు, నాలుగు గడుల్లో బొమ్మలు వేసి వాటిని చూస్తూ చెబుతారు.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మళ్ళీ స్పానిష్. తెలుగు అడ్డం రాదా?

నన్ను ఎక్కువమంది అడిగేదీ, నేను ఎక్కువ సంతోషంగా జవాబిచ్చేదీ ఈ ప్రశ్నకే. అడ్డం రాదు. ఇంగ్లీషు మూసి ఉంచిన కొన్ని తలుపులను స్పానిష్ వైపు తెలుగే తెరుస్తుంది.

‘మే గూస్తా లా లేచే’ అన్న వాక్యాన్ని చూడండి. ఇంగ్లీషులో దీని కర్త ‘నేను’. కనుక ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలు ‘యో గూస్తో’ అని తప్పు చేస్తూనే ఉంటారు. తెలుగులో ‘నాకు పాలు ఇష్టం’ అంటాం. ‘మే’ అంటే నాకు. ‘నేను పాలు ఇష్టం’ అని ఏ తెలుగు పిల్లా అనదు. తలనొప్పి కూడా అంతే: ‘మే దుయేలే లా కబేసా’, నాకు తల నొప్పిగా ఉంది. ఒక తరగతిలో నేను దీన్ని వివరిస్తుంటే ఒక తెలుగు అమ్మాయి లేచి, ‘ఇది మా అమ్మమ్మ మాట్లాడినట్టు ఉంది’ అంది. ఆ రోజు నుంచి ఆమె స్పానిష్‌ను ఇంగ్లీషు గుండా కాక తెలుగు గుండా వినడం మొదలుపెట్టింది, తేడా నాకు స్పష్టంగా కనిపించింది.

ఇంకా ఉన్నాయి. క్రియ చివరే కర్త ఎవరో చెబుతుంది కనుక ‘వస్తాను’ అన్నప్పుడు ‘నేను’ అక్కరలేనట్టే, ‘బెంగో’ అన్నప్పుడు ‘యో’ అక్కరలేదు. నువ్వు, మీరు అన్న భేదం ‘తూ’, ‘ఉస్తేద్’ లో ఉంది. అమ్మమ్మతో ఎలా మాట్లాడాలో, తమ్ముడితో ఎలా మాట్లాడాలో తెలిసిన పిల్లకు దీన్ని విడిగా నేర్పనక్కరలేదు. ఉచ్చారణలో త, ద, ప, క లు మన అక్షరాలే. ఇంగ్లీషు పలికే నాలుకకు ‘తాకో’ లోని తకారం కష్టం, మనకు కాదు. ‘పెరో’ అంటే కానీ, ‘పెఱ్ఱో’ అంటే కుక్క. వ్యవహారంలో మనం పోగొట్టుకున్న ర, ఱ భేదం అక్కడ అర్థాన్నే మార్చేస్తుంది. మా తరగతిలో తెలుగు పిల్లలకు బండి ఱ ను చూపించింది స్పానిష్ పాఠమే.

అయితే ఈ లాభం ఇంట్లో తెలుగు వినే పిల్లలకే దక్కుతుంది. స్పానిష్ కోసం ఇంట్లో తెలుగు తగ్గించాలా అని అడిగేవారికి నా జవాబు: దయచేసి పెంచండి.

స్పెయిన్‌లో ఒక మాట, మెక్సికోలో ఒక మాట అంటారు. ఏది నేర్పుతారు?

టెక్సాస్‌లో ఉన్నాం కాబట్టి ఎక్కువగా మెక్సికో మాటలే. బస్సును మెక్సికోలో ‘కమియోన్’ అనడం వింటారు, క్యూబాలోనూ ప్యూర్టో రికోలోనూ ‘గ్వాగ్వా’ అంటారు, ‘ఔతోబూస్’ అంటే అందరికీ తెలుస్తుంది. మనలో ఒకచోట ఆనపకాయ అన్నదాన్నే ఇంకొకచోట సొరకాయ అన్నట్టు ఇది. పిల్లలు దీనికి కంగారుపడరు.

ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు అదే తరగతిలో ఉంటే వాళ్ళకు విసుగు కాదా?

నేను జాగ్రత్త పడకపోతే అవుతుంది. వాళ్ళకు కథ చెప్పే పని, పాత్రల గొంతు పలికే పని అప్పగిస్తాను. వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన కథలు అడిగి తీసుకుంటాను. ఎదుటివారి తప్పులు దిద్దే పని మాత్రం వాళ్ళకు ఇవ్వను, అది స్నేహాలను చెడగొడుతుంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నటన పేరుతో పెద్ద టోపీ, అతికించిన మీసం పెట్టి ‘మెక్సికో వాడు’ అనే వేషాన్ని నేను ఎన్నడూ వేయించను. ఆ తరగతిలో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్ళ నాన్నలు అలా ఉండరు.

స్పానిష్ లోకంలోని నమ్మకాలు, ఆచారాలు కావాలంటే కథకు పనికివచ్చేవి ఎన్నో ఉన్నాయి. ఊడిన పాలపన్నును దిండు కింద పెడితే రాత్రి వచ్చి తీసుకుపోయే ఎలుక, ‘ఱతోన్ పేరెస్’, నా రెండో తరగతి పిల్లలకు ప్రాణం. ఆ వయసులో ప్రతివారం ఎవరికో ఒకరికి పన్ను ఊడుతుంది కాబట్టి కథ తాజాగానే ఉంటుంది. అమెరికా పిల్లలు దేవకన్య వస్తుందంటారు. ఇంటి కప్పు మీదికి పన్ను విసిరే మన అలవాటును తెలుగు పిల్లలు వాళ్ళ తాతయ్యలను అడిగి వచ్చి చెబుతారు.

నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

పదాల పట్టిక ఇచ్చి పరీక్ష పెట్టను. వినని కొత్త కథను పాత మాటలతో చెప్పి, బొమ్మ వేయమంటాను. బొమ్మలో ఆవు చిన్నగా, ఇల్లు పెద్దగా, పిల్లవాడు విచారంగా ఉంటే సరిపోతుంది. ముందుగా చెప్పకుండా, మూడు వారాల తరువాత అడుగుతాను. మరునాడు గుర్తుండడం పెద్ద విషయం కాదు.

మాకు స్పానిష్ రాదు. ఇంట్లో ఏం చేయగలం?

మీకు ఏడు చేపల కథ వచ్చు కదా. ప్రశ్న మీద ప్రశ్నగా, ఒకే వాక్యం రూపం మార్చుకుంటూ నడిచే ఆ కథ ఈ పద్ధతికి కావాలని రాసినట్టు ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి తెచ్చిన చేపల్లో ఒకటి ఎండకపోతే, దాన్ని అడగాలి: ‘పెస్, పోర్ కే నో తే సేకాస్?’, చేపా, ఎందుకు ఎండలేదు? స్పానిష్‌లో బతికున్న చేప ‘పెస్’, పట్టి వంటకు తెచ్చినది ‘పెస్కాదో’. మన చేప మాట్లాడుతుంది కాబట్టి ‘పెస్’ అనే అందాం.

చేప జవాబు: ‘పోర్కే లా యెర్బా మే తాపా ఎల్ సోల్’, గడ్డి నాకు ఎండను అడ్డుకుంటోంది. గడ్డి: ‘పోర్కే లా బాకా నో మే కోమే’, ఆవు నన్ను మేయడం లేదు. ఆవు: ‘పోర్కే ఎల్ పస్తోర్ నో మే సాకా’, గొల్లవాడు నన్ను బయటికి తోలడం లేదు. గొల్లవాడు: ‘పోర్కే లా అబువేలా నో మే దా అఱ్ఱోస్’, అవ్వ నాకు అన్నం పెట్టడం లేదు. అవ్వ: ‘పోర్కే ఎల్ నీన్యో యోరా’, పిల్లవాడు ఏడుస్తున్నాడు. పిల్లవాడు: ‘పోర్కే లా ఒర్మీగా మే పీకా’, చీమ నన్ను కుడుతోంది.

కథ పూర్తయ్యేసరికి ‘పోర్ కే’, ఎందుకు, ఏడు సార్లు వస్తుంది, ‘పోర్కే’, ఎందుకంటే, ఆరు సార్లు వస్తుంది. ‘నో మే’ మూడు సార్లు వస్తుంది. ఏ అభ్యాస పుస్తకమూ ఇంత పొదుపుగా ఇన్ని ఇవ్వదు. అమ్మ ఆవు, నాన్న గడ్డిమోపు, అమ్మమ్మ వీడియో కాల్‌లో అవ్వ కావచ్చు. పరుపు మీద చేప పడుకుని ఉంటుంది. ప్రశ్న అడిగే పని పిల్లలదే, ఎందుకంటే ఒకే ప్రశ్నను ఏడుగురి దగ్గరికి నడిచి వెళ్ళి అడగవలసినది వాళ్ళే. మీ ఉచ్చారణ గురించి దిగులు వద్దు, పిల్లలు దిద్దుతారు, దిద్దడానికి ఇష్టపడతారు కూడా.

చివరి జవాబును స్పానిష్‌లోకి మార్చకండి. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అన్నది తెలుగులోనే ఉండనివ్వండి. మరుసటి రాత్రి చీమ వేషం ఎవరిదో ముందే తేల్చుకోండి, మా తరగతిలో ఆ ఒక్క వేషానికే పోటీ.